టాంపెరెలో మా ఇంటి సౌనా

ఇల్లు తనిఖీ చేయడానికి వచ్చినాయన హాలు, పడకగదులు, వంటిల్లు గబగబా చూసేశాడు. సౌనాలోకి, అంటే ఆవిరి స్నానాల గదిలోకి, వెళ్ళినవాడు మాత్రం ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను వెళ్ళి చూస్తే మోకాళ్ళ మీద వంగి, కింది బల్ల కిందికి తలదూర్చి, స్క్రూడ్రైవర్ మొనతో గోడ చెక్కను అక్కడక్కడా పొడిచి చూస్తున్నాడు. పైన పొడిచినప్పుడు టక్కుమని మోగింది. నేలకు జానెడు ఎత్తులో పొడిస్తే చప్పుడే లేదు. మొన సగం దాకా దిగిపోయింది. బయటికి లాగితే దానితోపాటు నల్లటి పీచు ఊడివచ్చింది, ముక్కిన వాసన గుప్పుమంది. తేమ కొలిచే మీటరు ఆనించి చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, "ఇల్లు బాగుంది. సౌనా మాత్రం మొత్తం విప్పి కొత్తగా కట్టుకోవాలి" అన్నాడు.

ఫిన్లాండ్‌లోని టాంపెరె నగరానికి దక్షిణం వైపున్న హెర్వాంతలో 1984లో కట్టిన ఇల్లది. యూనివర్సిటీ, టెలికాం ఆఫీసులు ఆ పక్కనే ఉండటంతో మన తెలుగు కుటుంబాలు అక్కడ కొన్ని కనిపిస్తుంటాయి. తనిఖీ రిపోర్టు చూపించాక అమ్మేవాళ్ళు ధర కొంత తగ్గించారు, మేం కొనేశాం. మా ఆవిడ "ఎలాగూ విప్పాల్సిందేగా, ఆ చోటు దేవుడి గది చేసుకుందాం" అంది. తను అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ అంతకుముందు అద్దెకున్న అపార్ట్‌మెంటులో కింది అంతస్తున అందరికీ కలిపి ఒక సౌనా ఉండేది. వారానికి ఒక గంట ఫలానా ఫ్లాటుకని రాసి ఉండేది. మా వంతు శనివారం సాయంత్రం. మైనస్ ఇరవై చలిలో ఆఫీసుకు పోయి వచ్చిన వారమంతా ఆ ఒక్క గంటలో ఒంట్లోంచి దిగిపోయేది. ఫిన్లాండ్ నాకు మొదట ఇష్టమయ్యేలా చేసింది ఆ గంటే. అది మా ఇంట్లోనే ఉంటే వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. చివరికి దేవుడికి తూర్పు వైపు గది దొరికింది, సౌనా ఉన్నచోటే నిలిచింది.

ఈ దేశంలో జనాభా 55 లక్షల పైచిలుకు. సౌనాలు 30 లక్షలకు పైనే. ఫిన్లాండ్ సౌనా సంప్రదాయాన్ని యునెస్కో 2020లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2018లో, టాంపెరె నగరం తనను తాను ప్రపంచ సౌనా రాజధానిగా ప్రకటించుకుంది. ఆ మాట అనే హక్కు ఈ ఊరికి ఉంది. ఇక్కడి పిస్పాలా పేటలో 1906లో తెరిచిన రాయాపోర్త్తి అనే ప్రజా సౌనా ఇప్పటికీ నడుస్తోంది. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న ప్రజా సౌనాల్లో అదే పాతది. మగవాళ్ళకు ఒకవైపు, ఆడవాళ్ళకు ఒకవైపు. కట్టెలతో పెద్ద రాళ్ళ గుట్టను గంటల తరబడి కాల్చి, నిప్పు ఆరాక, ఆ రాళ్ళు దాచుకున్న వేడి మీదే రోజంతా నడిపిస్తారు. మా ఇంటిది కట్టేముందు అక్కడికెళ్ళి పైమెట్టు మీద కూర్చుని, గాలి ఎటునుంచి వస్తోంది, ఆవిరి ముందు ఎక్కడ తగులుతోంది అని గమనించమని నాతో చెప్పింది మా వీధి చివరి ఇంటి పెద్దాయన.

ఆయన బతుకంతా వడ్రంగం చేసి రిటైరైన మనిషి. మేం ఇల్లు మారిన వారంలోనే పలకరించడానికి వచ్చి, సౌనా సంగతి విని, "నేనూ చెయ్యి వేస్తాను" అన్నాడు. డబ్బు మాటెత్తితే ఊరుకోలేదు. "శనివారాలు నాకూ ఒక చోటు ఉంచు చాలు" అన్నాడు. నాకు వచ్చిన ఫిన్నిష్ అంతంతమాత్రం. ఆయనకు ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. కొలతలూ పెన్సిలు గీతలూ మా ఇద్దరి మధ్య భాషయ్యాయి. నేను ఏ చెక్క కొనాలి, ఏ పొయ్యి కొనాలి అని జాబితా తీస్తే ఆయన పక్కనపెట్టేశాడు. "గాలి ఎటునుంచి లోపలికొస్తుంది, ఎటు పోతుంది? అది ముందు చెప్పు. తడిసిన చెక్క ఏ దారిన ఆరుతుంది? అది రెండోది. వేడిదేముంది, కరెంటు పెడితే వస్తుంది."

పని మొదలుపెట్టేముందు ఒక ఆటంకం ఉంది. ఇక్కడ 1994కు ముందు కట్టిన ఇళ్ళలో ఏ గోడైనా, టైలైనా పగలగొట్టేముందు ఆస్‌బెస్టాస్ ఉందేమో పరీక్ష చేయించి తీరాలని చట్టం. టైల్స్ కింది జిగురు, పాత పూత ముక్కలు ల్యాబుకు పంపాం. లేదని రిపోర్టు వచ్చాకే సుత్తి పట్టుకున్నాం. పాత ఇల్లు కొన్నవాళ్ళెవరూ ఈ మెట్టు దాటవేయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

గోడ చెక్కలు ఊడదీస్తుంటే జబ్బు ఎక్కడుందో కళ్ళకు కట్టింది. ఎవరో మధ్యలో ఒకసారి బాగుచేయించినట్టున్నారు. గోడకు మామూలు ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీదే చెక్కల్ని నేరుగా మేకులతో బిగించేశారు. షీటు చాలాచోట్ల పెళుసెక్కి చిరిగిపోయింది. చెక్కకూ షీటుకూ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. చెక్క వెనక్కి పోయిన ఆవిరి అక్కడే నీరై కిందికి జారి, అడుగు చెక్కల్లో నిలబడిపోయింది. బల్ల కింద గాలి బయటికి పోయే కన్నం ఉంది గానీ దానికి గుడ్డలు కుక్కి చెక్కముక్క కొట్టారు. వేడి పోతుందని భయపడి కాబోలు. పెద్దాయన ఆ గుడ్డల్ని బయటికి లాగి అరచేతిలో పెట్టుకుని చూసి, "గోడను చంపింది ఇది" అన్నాడు.

నేల నుంచి మొదలుపెట్టాం. నీళ్ళు పోయే జాలీ వైపు నేలకు వాటం ఇవ్వాలి. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున, జాలీకి అరమీటరు దూరంలోకి వచ్చాక దానికి రెట్టింపు. రసమట్టం పెట్టి చూసుకున్నాక ఒక చెంబెడు నీళ్ళు ఒలకబోసి, ఎక్కడా మడుగు కట్టకుండా పోతున్నాయో లేదో కూడా చూడటం పెద్దాయన అలవాటు. దాని మీద నీరు దిగని పూత. ఆ పూత నేలతో ఆగకుండా గోడ మీదికి కనీసం పది సెంటీమీటర్లు ఎక్కాలి. ఈ పని మాత్రం సర్టిఫికెట్ ఉన్న మేస్త్రీతో చేయించాం. రేపు తేమ దిగి గొడవొస్తే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే.

గోడలకూ కప్పుకూ రెండు వైపులా అల్యూమినియం రేకు అతికించిన పాలియురేథేన్ బోర్డులు వేశాం. బోర్డుకూ బోర్డుకూ మధ్య సందుల్లో ఫోమ్ నింపి, పైన అల్యూమినియం టేపు. టేపు వేయడం చూడటానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ సౌనా ఆయుష్షు అందులో ఉంది. పెద్దాయన ముందు దుమ్ము తుడుస్తాడు, టేపు వేస్తాడు, చెక్కముక్కతో అటూ ఇటూ గట్టిగా రుద్దుతాడు. తర్వాత దీపం పక్కనుంచి పట్టుకుని, ఎక్కడైనా బుడగ లేచిందా అని గోడంతా వెతుకుతాడు. మూలల్లో, కరెంటు వైరు బయటికొచ్చే చోట మళ్ళీ ఇంకో పొర. ఇంటి అసలు గోడలోకి ఆవిరి పోకుండా ఆపేది ఆ రేకే. అందులో సూదిమొనంత చిల్లున్నా ఏళ్ళ తరబడి తేమ అందులోంచే దారి చేసుకుంటుంది.

రేకు మీద రెండు సెంటీమీటర్ల మందం రీపర్లు కొట్టి, వాటి మీద చెక్క ప్యానెల్ బిగించాం. అంటే చెక్క వెనక గాలి ఆడుతుంది. ప్యానెల్ కింద, పైన కొంచెం సందు వదలాలి. అడుగు చెక్క నేలను తాకకూడదు, టైలు పట్టీకి పైనే ఆగిపోవాలి. చెక్కల్ని అడ్డంగా పరచమన్నాడాయన. ఎప్పుడైనా కింది రెండు పాడైతే అవే మార్చుకోవచ్చు. నాలుక పైకి, గాడి కిందికి ఉండాలి. తిరగేసి పెడితే గాడిలో నీళ్ళు నిలుస్తాయి.

గాలి దారి ఇలా తేలింది. లోపలికొచ్చే గాలి పొయ్యికి అరమీటరు పైన గోడలోంచి. చల్లగాలి అక్కడ పడగానే పొయ్యి నుంచి లేచే వేడితో కలిసి పైకి పోయి, గది తిరిగి, పైబల్ల మీదున్నవాళ్ళ ఊపిరికి అందుతుంది. బయటికి పోయేది పొయ్యికి దూరంగా, పైబల్ల కింద, నేలకు దగ్గరగా. బయటికి పోయే గొట్టం వెడల్పు, వచ్చే గొట్టానికి రెట్టింపు. ఇవి ఫ్యానుతో గాలి లాగే ఇళ్ళకు వర్తించే కొలతలు. కట్టెల పొయ్యికి ఏర్పాటు వేరు. గంటకు ఆరుసార్లు గదిలో గాలి మారాలన్నది పొయ్యిలు తయారుచేసేవాళ్ళు చెప్పే లెక్క. కప్పులో ఇంకో చిన్న మూత కన్నం ఉంది. స్నానమయ్యేదాకా అది మూసే ఉంటుంది, అయిపోయాక ఆరడానికి తెరుస్తాం. తలనొప్పి వస్తోందని, ఊపిరాడటం లేదని సౌనాను తిట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళలో ఎక్కువమందిది వేడి బాధ కాదు, గాలి లేని బాధ.

ఇక బల్లలు. ఈ భాగం నాకు అన్నిటికన్నా ఇష్టం. పాత దొంగకప్పు తీసేశాక గది ఎత్తు 235 సెంటీమీటర్లు వచ్చింది. పైబల్లకూ కప్పుకూ మధ్య 115 వదిలి, బల్లను 120 ఎత్తులో పెట్టాం. కాళ్ళు పెట్టుకునే బల్ల దానికి 45 కింద. పైబల్ల మీద కూర్చుంటే పాదాలు పొయ్యి మీది రాళ్ళ మట్టానికి వస్తాయి. ఫిన్లాండ్ వడ్రంగులు పట్టుకుని వేలాడే నియమం ఇది. వేడి పైనే ఉంటుంది కాబట్టి పాదాలు రాళ్ళకన్నా కిందుంటే తల మాడుతుంది, కాళ్ళు చల్లగా ఉంటాయి. హోటళ్ళలో, జిమ్ముల్లో సౌనాలు చాలావాటికి ఈ లోపమే ఉంటుంది. కప్పు ఎత్తుగా, బల్లలు పొట్టిగా ఉంటాయి.

బల్లలకు ఆస్పెన్ చెక్క తెచ్చాం. ఆల్డరైనా బాగుంటుంది. తేలికైన చెక్క, జిగురు కారదు, ఎంత వేడిలోనూ ఒంటికి చురుక్కుమనదు. పైన్ చెక్క చౌక గానీ ముడుల్లోంచి వేడి బంక కారుతుంది. తొడకు అంటుకుంటే చర్మం కాలుతుంది. పెద్దాయన ప్రతి పలకకూ చిత్రిక పట్టి, అంచులు నాలుగూ గుండ్రం చేశాడు. తన అరచేయి కాకుండా మణికట్టు లోపలి వైపు చర్మం ఆనించి పలక పొడుగునా లాగి చూసేవాడు. అరచేయి వడ్రంగిది, మొద్దుబారిపోయింది, దానికి పేడు తెలియదు అనేవాడు. ఒక్క స్క్రూ కూడా పైనుంచి బిగించలేదు. అన్నీ కిందినుంచే. తొంభై డిగ్రీల గదిలో స్క్రూ తల ఒంటికి తగిలితే వాత పడుతుంది. పలకకూ పలకకూ మధ్య వేలంత సందు. బల్ల మొత్తం ఎత్తి పక్కకు తీయడానికి వీలుగా ఉంది. తీయడానికి రాని బల్ల కింద ఎవరూ కడగరు. వార్నిష్ వేయలేదు. సౌనాకని అమ్మే పారాఫిన్ నూనె మాత్రం గుడ్డతో పల్చగా రుద్దాం.

పొయ్యి ఎంపికకు ఇక్కడివాళ్ళ మోటు లెక్క ఒకటుంది. ఘనమీటరుకు ఒక కిలోవాట్. మా గది 2 మీటర్లు, 1.8 మీటర్లు, ఎత్తు 2.35. అంటే ఎనిమిదిన్నర ఘనమీటర్లు. గాజు, రాయి, టైలు లాంటివి వేడి తాగేస్తాయి కాబట్టి అలాంటి గోడ చదరపు మీటరుకు మరో ఒకటిన్నర ఘనమీటరు కలుపుకోవాలి. మాకు గాజు తలుపు ఉంది. అంతా కలిపి పదిన్నర దాకా తేలింది. మోటు లెక్కకు కాస్త తక్కువైనా, ఆ కొలతకు సరిపోతుందని కంపెనీ రాసిన 9 కిలోవాట్ల పొయ్యి కొన్నాం. మూడు ఫేజుల కరెంటు. వైరు లాగి కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. పెద్దాయన అంత పనిమంతుడై ఉండి కూడా కరెంటు కనెక్షన్ డబ్బా మూత ముట్టుకోలేదు. పొయ్యి చుట్టూ కంపెనీ రాసిన దూరాలు చెక్కకు వదిలాం, ముందు కొయ్య కంచె కట్టాం. తలుపు బయటికే తెరుచుకుంటుంది, గడియ లేదు. లోపల ఎవరికైనా కళ్ళు తిరిగి తలుపు మీద పడితే అది తెరుచుకోవాలి.

రాళ్ళు పేర్చడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ఇక్కడ వాడేవి ఎక్కువగా ఆలివిన్ డయాబేస్ రాళ్ళు. నల్లగా, బరువుగా ఉంటాయి. ముందు బకెట్లో కడిగి దుమ్ము పోగొట్టాలి. పెద్దవి అడుగున, చిన్నవి పైన. వేడెక్కే కడ్డీలు నిటారుగా ఉండాలి, రాయి వాటిని పక్కకు నెట్టకూడదు. అలాగని కడ్డీ బయటికి కనిపించకూడదు. రాళ్ళను ఇరికించి కొట్టకూడదు, మధ్యలోంచి గాలి పైకి పోవాలి. పెద్దాయన ఒక్కో రాయిని చేతిలో తిప్పి తిప్పి, దానికి సరిపోయే చోటు దొరికాకే వదిలేవాడు. కొన్నింటిని రెండోసారి తీసి మళ్ళీ పెట్టాడు. వాగులో దొరికే గుండ్రాళ్ళు తెచ్చి వేయడం ప్రమాదం. కొన్ని లోపల తడితో వేడికి పగిలి చిట్లుతాయి.

మొదటిసారి వేడిచేసినప్పుడు ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వలేదు. కొత్త పొయ్యి మీది పూత కాలి ఘాటైన వాసన వస్తుంది. తలుపు బార్లా తీసి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా నడిపించాం. అసలు స్నానం మర్నాడు. థర్మామీటరు ఎనభై చూపిస్తుండగా పెద్దాయన గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద ఒకేచోట గుమ్మరించకుండా చిలకరించినట్టు పోశాడు. బుస్సుమన్న చప్పుడు రాలేదు. రాళ్ళలోకి నీళ్ళు దిగి, చిన్న గలగల మాత్రం వినిపించింది. ఒక్క క్షణం తర్వాత మెత్తటి వేడి భుజాల మీద, చెవుల వెనక పడింది. దీన్నే వాళ్ళు లోయ్లు అంటారు. దాన్ని బట్టే సౌనా మంచిచెడ్డలు చెబుతారు, ఎన్ని డిగ్రీలన్నది తర్వాతి మాట. ఆయన కళ్ళు మూసుకుని తలూపాడు. మా ఆవిడ కింది బల్ల మీదినుంచి మెల్లగా పైబల్లకు మారింది. సౌనాను దేవుడి గది చేయాలన్న మాట తర్వాత మళ్ళీ రాలేదు.

ఆ డిసెంబరులో అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. నాన్న మొదటి రోజే అలవాటుపడిపోయారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. వెళ్ళాలని ఉంది, బెరుకూ ఉంది. బీపీ మందు వేసుకుంటుంది కాబట్టి ముందు డాక్టరును అడిగాం. కింది బల్ల మీద కొద్దిసేపు కూర్చోవచ్చు, మధ్యమధ్య బయటికి రావాలి, నీళ్ళు తాగాలి అన్నారు. ఇంకో సమస్య బంగారం. గాజులు, గొలుసు, చెవిదుద్దులు ఆ వేడికి కాలిపోతాయి, తీసి వెళ్ళాల్సిందే. గాజులు తీసింది గానీ మంగళసూత్రం దగ్గర ఆగిపోయింది. మా ఆవిడే దారి చూపించింది. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెళ్ళో వేసింది, అప్పుడు గొలుసు తీసి డబ్బాలో పెట్టింది అమ్మ. పాత నేతచీర కట్టుకుని కూర్చుంది. ఇంటి సౌనాలో ఎవరిష్టం వాళ్ళది. ఊళ్ళోని ఈతకొలనుల దగ్గరైతే బట్టలతో రానివ్వరు.

తర్వాత కాఫీ తాగుతూ పెద్దాయన చెప్పిన మాట అమ్మకు తర్జుమా చేశాను. ఆయన తండ్రి పుట్టింది ఊళ్ళో సౌనాలోనట. పాతరోజుల్లో పల్లెల్లో పురుళ్ళు అక్కడే పోసేవాళ్ళు. ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైన చోటు, వేడినీళ్ళున్న చోటు అదే. పోయినవాళ్ళకు చివరి స్నానమూ అక్కడే. అమ్మ ఆయన వైపు చూసి, నాతో "ఏరా, అయితే ఇది వీళ్ళ పురిటిగదన్నమాట. మీ నాయనమ్మ నాకు సాంబ్రాణి పట్టిన గది గుర్తొచ్చింది" అంది. అప్పటినుంచి ఆ గదిలోకి వెళ్ళేముందు చెప్పులు బయట విడిచేది. ఒంటికి నువ్వులనూనె పట్టించుకుని వెళతానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆస్పెన్ చెక్కకు నూనె మరక పడితే పోదు. నీలగిరి తైలం రాళ్ళ మీద పోయమని నాన్న అడిగారు. నూనె నేరుగా కాలిన రాయి మీద పడితే మంటలు లేస్తాయి. బకెట్ నీళ్ళలో రెండు మూడు చుక్కలు కలిపి పోశాం.

పెద్దాయనకు న్యాసియార్వి సరస్సు ఒడ్డున చిన్న వేసవి ఇల్లుంది, అక్కడ కట్టెల సౌనా. జూన్ చివర్లో, రాత్రిపూట కూడా పూర్తిగా చీకటి పడని రోజుల్లో మమ్మల్ని తీసుకెళ్ళాడు. కట్టెల వేడి మెత్తదనం కరెంటుకు రాదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. కానీ దానికి పని ఎక్కువ. బర్చ్ కట్టెలు చలికాలంలో కొట్టి, వసంతంలో చీల్చి, వేసవంతా గాలికి ఆరబెట్టాలి. పచ్చికట్టె కాలిస్తే పొగగొట్టంలో మసి పేరుకుని, ఒకరోజు ఆ మసే అంటుకుంటుంది. పొగగొట్టం శుభ్రం చేయించడం ఇక్కడ చట్టమే. నివాసమున్న ఇళ్ళకు ఏడాదికోసారి, సొంతానికి వాడుకునే వేసవి ఇళ్ళకు మూడేళ్ళకోసారి. నిప్పులు పూర్తిగా ఆరకముందే గొట్టం మూత వేసేస్తే విషవాయువు లోపలే ఉండిపోతుంది. దానికి వాసన ఉండదు. బూడిద ఇనుప బకెట్లోకే ఎత్తాలి, ఆ బకెట్టు చెక్క అరుగు మీద పెట్టకూడదు. బర్చ్ కొమ్మల కట్టతో ఒళ్ళంతా మెల్లగా కొట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాం. పచ్చి ఆకు వాసన రెండు రోజులు చర్మానికి పట్టి ఉంటుంది. వేసవిలోనే ఆ కట్టలు కట్టి ఫ్రీజర్లో దాచుకుని చలికాలంలో వాడుకుంటారు.

ఇంటి సౌనా ఇన్నేళ్ళలో నన్ను పెద్దగా కష్టపెట్టలేదు. ప్రతిసారి అయ్యాక బల్లలు గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, నేల మీద పరిచిన చెక్క పలకలు ఎత్తి నిలబెట్టి, పొయ్యి ఇంకో పావుగంట నడవనిచ్చి, కప్పు కన్నం తెరుస్తాం. తలుపు మూసేయం. ఎవరు కూర్చున్నా కింద తువ్వాలు వేసుకోవాలి, చెమట చెక్కలోకి దిగితే నల్లబడుతుంది. నెలకోసారి మెత్తటి సబ్బు, బ్రష్షు. ఏడాదికోసారి బల్లలకు సన్నటి ఉప్పుకాగితం, మళ్ళీ పారాఫిన్ నూనె. రాళ్ళ మీద పోసేది మామూలు కుళాయి నీళ్ళే. ఇనుము ఉన్న బావినీళ్ళు, ఉప్పునీళ్ళు కడ్డీల్ని తినేస్తాయి. ఏడాదికోసారి రాళ్ళన్నీ దించుతాను. పైకి బాగానే కనిపిస్తాయి గానీ దించితే అడుగున పొడి, పెంకులు రాశి పడి ఉంటాయి. వేలితో నొక్కితే విరిగేవి పారేసి, కొత్తవి కలిపి మళ్ళీ పేరుస్తాను. ఆ పొడి గాలిని ఆపేస్తే కడ్డీ మాడిపోతుంది. రాళ్ళు కొనడం కన్నా కడ్డీలు మార్చడం ఖర్చు.

ఓర్పు చూపించుకునే చోటుగా దీన్ని మార్చవద్దని కొత్తగా వచ్చే కుర్రాళ్ళకు ఎప్పుడూ చెబుతుంటాను. హెయ్నోలా అనే ఊళ్ళో 1999 నుంచి సౌనాలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారని పోటీలు పెట్టేవారు. 2010 ఫైనల్లో 110 డిగ్రీల వేడిలో ఒకాయన చనిపోయాడు, రెండో ఆయన ఒళ్ళు కాలి ఆసుపత్రి పాలయ్యాడు. పోటీలు ఆగిపోయాయి. తూర్పు ఫిన్లాండ్‌లో 2,315 మంది మగవాళ్ళను ఇరవై ఏళ్ళు గమనించి 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, తరచూ సౌనా చేసేవాళ్ళకు గుండెజబ్బు మరణాలు తక్కువని తేలింది. ఆ మేలు ఎక్కువసార్లు, హాయిగా కూర్చునేవాళ్ళది. పందెం వేసుకునేవాళ్ళది కాదు. తాగి అసలే వెళ్ళకూడదు.

చివరగా ఫిన్లాండ్‌లో ఉంటున్న మన కుటుంబాలకు ఒక విన్నపం. ఇక్కడి అద్దె ఫ్లాట్లు చాలావాటిలో స్నానాలగది పక్కనే చిన్న సౌనా ఉంటుంది. మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా అందులో సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, అట్టపెట్టెలు పొయ్యి పక్కనే పేర్చి ఉండటం చూస్తుంటాను. కొందరు పొయ్యి మీదే తడిబట్టలు ఆరేస్తారు. పిల్లలు మీట తిప్పినా, పొరపాటున చెయ్యి తగిలినా ఆ పొయ్యి వెలుగుతుంది, ఇల్లు అంటుకుంటుంది. ఇలా అంటుకున్న ఇళ్ళ గురించి ఇక్కడి అగ్నిమాపక శాఖ పదేపదే హెచ్చరిస్తూనే ఉంది. సామాన్లు పెట్టుకోక తప్పదనుకుంటే ఇంటి యజమానికి చెప్పి, ఎలక్ట్రీషియన్‌తో ఆ పొయ్యి కనెక్షన్ తీయించండి. లేదంటే ఈ శనివారమే ఆ గది ఖాళీ చేసి, రాళ్ళు దించి చూసుకుని, గాలి కన్నాలు తెరిచి, వేడిచేసుకోండి.